ఇల్లు కదలలేని రోజుల్లో ఉల్లాసంగా ఉండటం ఎలా?

కాలు విరిగి కట్టు వేయించుకున్నవారు, చికున్‌గున్యాతో కీళ్లు పట్టేసినవారు, ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవారు, నెలలు నిండేదాకా కదలవద్దని డాక్టరు చెప్పిన గర్భిణులు, మంచాన పడ్డ అత్తనో నాన్ననో చూసుకుంటూ గడప దాటలేనివారు. ఇంటికే పరిమితం కావడమంటే మనందరికీ 2020 మార్చి గుర్తొస్తుంది. నిజానికి మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరు ఇలా లోపల ఉండిపోయి కనిపిస్తారు. లాక్‌డౌన్‌లో ఊరంతా ఒకేసారి లోపల ఉంది కాబట్టి బాధ పంచుకునేందుకు అందరూ ఉన్నారు. ఇప్పుడు ఆ మనిషి ఒక్కరే. బయట ఆటోలు తిరుగుతుంటాయి, పెళ్లి బాజాలు వినబడుతుంటాయి, పండగకు పిల్లలు కొత్త బట్టలు వేసుకుని పోతుంటారు. అవన్నీ వింటూ లోపల పడి ఉండటం లాక్‌డౌన్ కన్నా కష్టం.

మీరూ అలాంటి రోజుల్లో ఉంటే, లేదా మీ ఇంట్లో ఒకరు అలా ఉంటే, ఒక్క సంగతి ముందే చెబుతాను. "మనసు బాగుపడ్డాక ఏదైనా చేస్తాను" అని కూర్చుంటే మనసు బాగుపడదు. ముందు చేతులు కదలాలి. మనసు తర్వాత దాని వెంట వస్తుంది. కుంగుబాటుకు మానసిక వైద్యులు చేసే చికిత్సల్లో కూడా ఇదొక ముఖ్యమైన పద్ధతి: ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా చిన్న చిన్న పనులను వేళకు చేయించడం. కింద చెప్పేవన్నీ ఆ మాట చుట్టూ తిరిగేవే. అన్నీ ఒకే రోజు మొదలుపెట్టవద్దు. వారానికి రెండు చొప్పున కలుపుకుంటూ పోండి.

గడువు అడగండి, చేయదగినవి కూడా అడగండి

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు మందుల చీటీ ఒక్కటే తెచ్చుకుంటాం. ఎన్నాళ్లు ఇంట్లో ఉండాలి, ఆ రోజుల్లో ఏమేమి చేయవచ్చు అన్నది అడగం. అడగకపోవడంతో ఇంటికి రాగానే చుట్టాలు తలో ఆంక్ష పెడతారు. కాలికి కట్టు ఉంటే చేతులు కూడా కదపవద్దంటారు. కంట్లో శుక్లం తీయించుకుంటే వసారాలో నాలుగు అడుగులు వేయడానికి కూడా ఒప్పుకోరు. కాబట్టి రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏ తేదీ దాకా? ఏమేమి చేయవచ్చు? రెండోది ఎక్కువ ముఖ్యం. చేయకూడనివి ఎవరైనా చెబుతారు, చేయదగినవి అడిగితేనే చెబుతారు. ఆ జవాబును గోడ మీది క్యాలెండర్‌లో పెద్ద అక్షరాలతో రాయండి, వచ్చిపోయే చుట్టాలకు కూడా కనబడుతుంది.

కొందరికి తేదీ ఉండదు. పక్షవాతం వచ్చిన తల్లిని చూసుకునే కూతురికి ఇది ఎప్పుడు తీరుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు మొత్తం కాలాన్ని తలచుకుని బెంబేలెత్తవద్దు. మీ ఊరి అంగడి రోజును గుర్తుగా పెట్టుకోండి. ఈ అంగడి నుంచి వచ్చే అంగడి దాకా ఏం తెప్పించాలి, ఎవరిని రమ్మనాలి, ఏ పని పూర్తి చేయాలి, అంతవరకే ఆలోచించండి.

మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి సంగతి ఇక్కడ గుర్తుచేయాలి. ఏడు వందల ఏళ్లనాటిదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి, 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ సీసాల్లో చెదల మందు కలిపి, కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మలకు కింద దిమ్మెలు కట్టారు. ఊడలు క్షేమంగా నేలకు చేరేలా గొట్టాలు అమర్చారు. అదే చెట్టును చూడటానికి 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన యువతులు వచ్చి వెళ్లారు. మధ్యలో ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో పాలమూరులో ఎవరిని కదిలించినా "మళ్లీ ఎప్పుడు తెరుస్తారు" అన్న మాటే గాని చెట్టు పని అయిపోయిందన్న మాట లేదు. మంచం మీద ఉన్న మనిషి ముందు కూడా అలాగే మాట్లాడాలి. "లేస్తే చూద్దాం" అనవద్దు. "లేచాక యాదగిరిగుట్టకు పోదాం", "లేచాక నువ్వే వచ్చి బీరపాదుకు పందిరి వేయాలి" అనండి. కోలుకుంటారని డాక్టరు చెప్పిన ఏ జబ్బులోనైనా ఈ మాట నిజమే కాబట్టి నిస్సంకోచంగా చెప్పవచ్చు.

మంచం తిప్పండి

ఈ ఒక్క పనికి పది నిమిషాలు పడుతుంది, ఖర్చు లేదు. చాలా ఇళ్లలో ఎవరికీ తోచదు కూడా.

జబ్బుమనిషిని మామూలుగా లోపలి గదిలో, గోడవైపు మొహం పెట్టి పడుకోబెడతాం. చీకటిగా ఉంటే నిద్ర పడుతుందని మన ఉద్దేశం. దాంతో పగలేదో రాత్రేదో తెలియకుండా పోతుంది. పగలు కునికిపాట్లు, రాత్రి జాగారం. వీలైతే మంచాన్ని ముందు గదిలోకి మార్చండి. తల ఎటు పెడితే వాకిలి కనబడుతుందో అటు తిప్పండి. వాకిలి కనబడితే రోజు గడిచే తీరు కనబడుతుంది: పాలు పోసే మనిషి, బడికి వెళ్లే పిల్లలు, కూరగాయల తోపుడు బండి, మేకల మంద, పొద్దుగూకే వేళ పత్తి చేల నుంచి తిరిగొచ్చే కూలీల ఆటో. లోపలి గదిలోకి రావడానికి మొహమాటపడే పొరుగింటి అక్క కూడా అరుగు దగ్గర ఆగి, "ఏం పెద్దమ్మా, తిన్నావా?" అని రెండు మాటలు మాట్లాడి వెళుతుంది. ఆ రెండు మాటల కోసం పెద్దమ్మ పొద్దున్నే తల దువ్వించుకుని కూర్చుంటుంది.

తర్వాత చేతికి అందే దూరంలో ఒక చిన్న బల్లో, స్టూలో వేయండి. దాని మీద మూత ఉన్న మంచినీళ్ల సీసా, కళ్లజోడు, ఫోను, దాని ఛార్జరు, తువ్వాలు, పిలవడానికి ఒక స్టీలు గ్లాసు, చెంచా. ప్రతి చిన్నదానికీ ఒకరిని పిలవాల్సి రావడం జబ్బుమనిషిని జబ్బు కన్నా ఎక్కువగా చిన్నబుచ్చుతుంది. అడగకుండా తాగగలిగే నీళ్లు పక్కన ఉంటే సగం దిగులు తగ్గుతుంది.

పొద్దుటి వెలుతురు కళ్లకు తగలాలి. శరీరంలో నిద్రకు, మెలకువకు లెక్క చూసే గడియారం ఆ వెలుతురుతోనే సరిపడుతుంది. నడవగలిగితే ఎనిమిది గంటల లోపే అరుగు మీదో డాబా మీదో పావుగంట కూర్చోండి. ఎండాకాలంలో మాత్రం జాగ్రత్త. నల్లగొండ, మిర్యాలగూడల్లో ఎండ 44 డిగ్రీలను తాకే రోజులు ఉంటాయి, స్లాబ్ ఇళ్లలో రాత్రి దాకా పైనుంచి సెగ కొడుతుంది. మధ్యాహ్నం కిటికీలకు తడిపిన గోనె పట్టాలు కట్టండి, పొద్దు వాలాక డాబా మీద నీళ్లు చల్లండి, మజ్జిగో అంబలో తాగించండి. మనసు బాగాలేదనుకుంటాం గాని, చాలాసార్లు ఒళ్లు ఉడికిపోవడమే చికాకుకు కారణం.

రోజుకు వేళలు పెట్టుకోండి

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేటల్లో తరతరాలుగా ఇంట్లోనే ఉండి బతుకు వెళ్లదీసినవారు ఉన్నారు. గుంటమగ్గం ఉన్న గదికి, వండుకునే గదికి మధ్య ఒక గడపే అడ్డం. అయినా ఆ ఇళ్లలో పని పనే, అన్నం అన్నమే. వేళకు మగ్గం ఎక్కుతారు, వేళకు దిగుతారు. పడుగు సాగదీయడానికి పొద్దున్నే వీధిలోకి వస్తారు, నలుగురితో మాట్లాడతారు, మళ్లీ లోపలికి పోతారు. ఇంటిపట్టునే ఉన్నా పనికి వెళ్లడం, పని నుంచి రావడం రెండూ ఉంటాయి.

మీకూ అలా నాలుగైదు వేళలు ఉంటే చాలు. లేచే వేళ, స్నానం, ఏదైనా ఒక పని, మధ్యాహ్నం భోజనం, పడుకునే వేళ. మిగతావి ఎటు పోయినా పరవాలేదు. స్నానం, బట్టలు మార్చడం మాత్రం వదలవద్దు. ఎక్కడికీ వెళ్లేది లేదు కదా అని రాత్రి బట్టలతోనే మధ్యాహ్నం దాకా ఉండిపోతే రోజు మొదలైనట్టే ఉండదు. కట్టు తడవకూడదంటే తడిగుడ్డతో ఒళ్లు తుడిపించుకుని, ఉతికిన బట్టలు వేసుకోండి. మధ్యాహ్నం కునుకు అరగంట మించనీయవద్దు. డాక్టరు ఒప్పుకున్న అవయవాలన్నింటినీ రోజుకు రెండు మూడు సార్లు కదపండి: కాలి వేళ్లు ఆడించడం, చేతులు పైకెత్తడం, మెడ తిప్పడం.

చేతికి పని ఇవ్వండి

ఇదే అసలు విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఎలాంటి పని? సాయంత్రానికి పూర్తయి కంటికి కనబడేది. ఇంట్లో ఎవరికో ఒకరికి నిజంగా పనికొచ్చేది. కాలక్షేపానికి అన్నట్టు చేతిలో పెట్టేది కాదు. మంచం మీదున్న పెద్దవారికి ఊరికే పెట్టిన పనికీ, అవసరమైన పనికీ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఎండాకాలం మొదట్లో పాలమూరు పల్లెల్లో చింతపండు కొట్టే పని నడుస్తుంది. కాలికి కట్టు ఉన్నా చేతులు బాగానే ఉంటాయి కదా. ఒక బుట్టెడు చింతకాయలు, ఒక చిన్న రాయి, రెండు పళ్లేలు దగ్గర పెట్టండి. పెంకు టక్కున పగులుతుంది, పీచు చివర పట్టి లాగితే ఈనెలతో సహా వచ్చేస్తుంది, పండును చీల్చి గింజ తీస్తే వేళ్లకు పులుపు అంటుకుంటుంది. గంట గడిచేసరికి ఒక పళ్లెంలో ఏడాదికి దాచుకునే పండు, ఇంకో పళ్లెంలో నిగనిగలాడే గింజలు. ఆ గంటలో మనసు ఎటూ పోదు. కాలం కాకపోతే వేరే పనులు ఉన్నాయి: విత్తనానికి పల్లీలు ఒలవడం, కందిపప్పులో రాళ్లు ఏరడం, ఎల్లిగడ్డ పాయలు తీయడం, చిరిగిన దుప్పటికి అతుకు వేయడం, పిల్లల నోటు పుస్తకాలకు అట్టలు వేయడం. చూపు మందగించినవారు కూడా పల్లీలు ఒలవగలరు.

ఆ చింతగింజలు పారేయవద్దు. నాలుగు మంచివి ఏరి, గరుకు బండ మీద నీళ్లు చల్లి ఒకవైపు అరగదీయండి. పొట్టు పోయి తెల్లటి పప్పు బయటపడుతుంది. ఇవే అష్టాచమ్మా గింజలు. అట్టముక్క మీద ఐదు వరుసలు, వరుసకు ఐదు చొప్పున 25 గళ్లు గీయండి. నాలుగు అంచుల్లో నడిమి గడికి, మధ్యలో ఉన్న గడికి అడ్డగీతలు కొట్టండి. నలుగురికి నాలుగు అంచులు, తలా నాలుగు కాయలు. కాయలకు చీపురు పుల్ల ముక్కలు, గాజు ముక్కలు, కందిగింజలు, ఏవైనా సరే. గింజలు వేస్తే తెల్లవి ఎన్ని పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, అంటే నాలుగు. నాలుగూ పొట్టువైపు పడితే అష్టా, ఎనిమిది. అవతలివారి కాయను చంపందే లోపలి వరుసలోకి పోనివ్వరాదు. ఎనిమిదేళ్ల పిల్లకు, ఎనభై ఏళ్ల తాతకు ఈ ఆటలో గెలిచే అవకాశం సమానం. ఇంట్లో కూర్చున్న మనిషిని చూసి జాలిపడటం ఆపి, వాళ్ల కాయను ఎలా చంపాలా అని ఆలోచించడం మొదలుపెడతారు. జాలి కన్నా అదే మేలు. మంచం మీద ఆడాలంటే ప్లైవుడ్ ముక్క మీదో పెద్ద పళ్లెం మీదో పెట్టుకోండి, గింజలు దుప్పటి మడతల్లో పడిపోవు.

లేచి తిరగగలిగినవారు వారానికి ఒకసారి వంటింట్లో కూర్చోండి. సర్వపిండి అనండి, తపాలచెక్క అనండి, దాన్ని చేయడానికి తొందర పనికిరాదు కాబట్టి ఈ రోజులకు సరిగ్గా సరిపోతుంది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లి తరుగు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలపండి. నూనె రాసిన గిన్నె లోపలివైపు చేత్తో పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద ఉంచండి. రెండోది అద్దేముందు గిన్నె చల్లారేదాకా ఆగాల్సిందే. ఆ ఆగే సమయంలోనే మాటలన్నీ జరుగుతాయి.

చదువుకునే వయసువారికి వేరే సలహా. గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతూ మధ్యలో మంచాన పడితే "ఏడాది పోయింది" అన్న దిగులు పట్టుకుంటుంది. టీశాట్ నిపుణ, టీశాట్ విద్య ఛానెళ్లలో పాఠాలు వస్తాయి, ఫోనులో యాప్ కూడా ఉంది. రోజుకు ఒక్క పాఠం విని, విన్నదాన్ని అర పేజీలో సొంత మాటల్లో రాయండి. నొప్పి ఉన్న రోజుల్లో అంతకు మించి ఆశించవద్దు.

ఫోను: మాట్లాడటానికి ఎక్కువ, చూడటానికి తక్కువ

వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. లేవగానే, పడుకోబోయే ముందు అస్సలు వద్దు. వాట్సాప్‌లో మీ జబ్బు గురించి వచ్చే సందేశాలను చదవకుండా తీసేయండి. అనుమానం ఉంటే మీ డాక్టరును అడగండి.

మాట్లాడటానికి మాత్రం ఫోనుకు మించింది లేదు. అయితే "ఎలా ఉన్నావు", "అలాగే ఉన్నా" దగ్గర మాట ఆగిపోతుంది. ఏదో ఒక పని మీద ఫోన్ చేయండి. "పెద్దమ్మా, ఎల్లిగడ్డ కారంలో జీలకర్ర ముందు వేస్తావా, తర్వాత వేస్తావా?" "బావా, ఈసారి పత్తి ఎన్ని ఎకరాలు పెట్టారు?" అవతలివారికి చెప్పడానికి ఏదైనా దొరికితే అరగంట మాట్లాడతారు. ముంబైకో పుణెకో పనికి వెళ్లిన కొడుకులు, మీరు కూడా ఇంటి దగ్గర ఉన్న అమ్మతో ఇలాగే మాట్లాడండి. డబ్బులు పంపిన సంగతి చెప్పి పెట్టేయవద్దు, ఆమెను ఏదైనా సలహా అడగండి.

ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఇంకో మంచి పని ఉంది. రోజుకు ఒక బతుకమ్మ పాట పాడించి ఫోనులో రికార్డు చేయండి. పాట మధ్యలో ఆగిపోతే ఆగిపోనివ్వండి, మర్నాడు పొద్దున్నే మరిచిపోయిన చరణం గుర్తొచ్చిందని ఆమే పిలుస్తుంది. పాటకు ముందు ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ ఊళ్లో పాడేవారో కూడా చెప్పించండి. ఆ పాటలు చాలా వరకు ఏ పుస్తకంలోనూ ఉండవు.

ఒకే గది ఉన్న ఇంట్లో

అంటుజబ్బు వచ్చినప్పుడు విడి గదిలో ఉండమంటారు. విడి గది ఎక్కడిది? 2021 మేలో నల్లగొండ జిల్లాలోని ఒక మారుమూల పల్లెలో కొవిడ్ వచ్చిన ఒక విద్యార్థి, ఇంట్లో ఉన్నది ఒకటే గది కావడంతో, వాకిట్లోని చెట్టు మీద వెదురు కర్రలతో మంచె కట్టుకుని 11 రోజులు అక్కడే గడిపాడు. ఇంట్లోవారు బకెట్లో అన్నం పెడితే తాడుతో పైకి లాక్కునేవాడు. ఆ వార్త దేశమంతా తిరిగింది. అతని పరిస్థితికి బాధ కలుగుతుంది, ఊరికి ఒక్క గది కూడా ఇవ్వలేకపోయామని కోపం కూడా వస్తుంది. అయితే అతను చేసినదాంట్లో నేర్చుకోవాల్సింది ఉంది. దూరంగా ఉన్నాడు గాని తెగిపోలేదు. తనకంటూ ఒక చోటు చేసుకున్నాడు, ఇంటి కేకలు వినబడేంత దగ్గరలో ఉన్నాడు.

మీరు చెట్టెక్కనక్కరలేదు. వేపచెట్టు కింద మంచం, వసారాలో చీరతో కట్టిన తెర, పశువుల కొట్టం పక్కన శుభ్రం చేసిన మూల, ఏదైనా సరే. అంటుజబ్బు లేకపోయినా ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇళ్లలో రోజుకు ఒక గంట ఒక మూల ఒకరిది అని పంచుకోండి. ఆ గంట వారిని ఎవరూ పలకరించకూడదు. గొడవలు సగానికి తగ్గుతాయి.

ఇరుగుపొరుగు వారికి ఒక మాట. 2020లో వలస నుంచి తిరిగొచ్చినవారి చేతి మీద ముద్ర వేసి 14 రోజులు ఇంట్లో ఉండమన్నారు. ఆ ముద్ర చూసి మొహం తిప్పుకున్నవారిని వాళ్లు మరిచిపోలేదు. గడప దగ్గర కూరగాయల సంచి పెట్టి, దూరం నుంచి కేకేసి పోయినవారినీ మరిచిపోలేదు.

ఇల్లాలి మీద మొత్తం బరువు వేయకండి

ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇద్దరు ఇంటికి పరిమితమవుతారు. రెండో మనిషి దాదాపు ప్రతిసారీ స్త్రీయే. ఆమె ఉల్లాసంగా ఉందా అని ఎవరూ అడగరు. జబ్బుమనిషిని నవ్వించమని ఆమెకే చెబుతారు.

పోచంపల్లి చీరకు ఆసు పోయడం ఆడవాళ్ల పని. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదుగా దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో చీరకు వేలసార్లు చేయి ఆడించాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ముందుగా చేసిన పని ఒకటుంది: తల్లి చేయి ఎన్నిసార్లు కదులుతోందో గమనించారు. మీరూ ఆ పని చేయండి. పొద్దున లేచినప్పటి నుంచి ఆమె చేసే ప్రతి పనినీ ఒక కాగితం మీద రాయండి: మందులు వేయడం, పక్క మార్చడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, వచ్చినవారికి టీ పెట్టడం, రాత్రి రెండింటికి లేవడం. కాగితం నిండుతుంది. ఇంట్లో ప్రతి ఒక్కరూ అందులోంచి రెండేసి పనులు తీసుకోవాలి. అడిగితే చేస్తామనడం కాదు, అడగకుండా చేయాలి. రోజుకు ఒక గంట ఆమె ఇంటి బయట ఉండాలి. గుడికో, స్నేహితురాలి ఇంటికో, ఊరికే చెరువు కట్ట మీదికో, ఎక్కడికైనా సరే.

చూడటానికి వచ్చే చుట్టాలారా, యాపిల్ పళ్లు, బిస్కెట్ పొట్లాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఈసారి రెండు గంటలు ఉండేలా రండి. "నేను కూర్చుంటాను, నువ్వు పోయి పడుకో వదినా" అనండి. టీ మీరే పెట్టుకోండి.

కల్లు, మందు ఒక్కసారిగా ఆగిపోతే

మన జిల్లాల్లో ఈ సంగతి చెప్పకుండా వదిలేయడం తప్పు. రోజూ తాగే అలవాటున్న మనిషి కాలు విరిగి ఇంట్లో పడితే తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. మత్తు మందులు కలిపిన కల్లు తాగేవారికి ఇది మరీ ప్రమాదం. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, లేని మనుషులు కనిపించడం, మూర్ఛలు మొదలవుతాయి. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివారిని వరుసగా తీసుకొచ్చారు. ఇది గాలి సోకడం కాదు, పిచ్చీ కాదు. మందులతో నయమవుతుంది. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు ఈ అలవాటు సంగతి దాచకుండా చెబితే ఇక్కడిదాకా రాదు.

ఏడుపు వచ్చే రోజులు

వస్తాయి. ఎంత బాగా వేళలు పెట్టుకున్నా వస్తాయి. ఏడవనివ్వండి. "ధైర్యంగా ఉండు, నీకన్నా కష్టాల్లో ఉన్నవారు లేరా" అన్న మాటతో ఎవరికీ ధైర్యం రాదు, నోరు మాత్రం మూతపడుతుంది. పక్కన కూర్చుని వినండి. అప్పుల దిగులైతే కాగితం మీద పెట్టండి: ఎవరికి ఎంత, ఏది ఈ నెలే కట్టాలి, ఏది ఆగుతుంది. తలలో తిరిగే అప్పు కన్నా కాగితం మీది అప్పు ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. ఆగదగిన అప్పుల వాళ్లకు మీరే ముందు ఫోన్ చేసి గడువు అడగండి. గుండె దడగా ఉంటే నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఐదు నిమిషాలు చేస్తే దడ నెమ్మదిస్తుంది.

రెండు వారాల పాటు దాదాపు రోజంతా దిగులుగానే ఉంటే, దేని మీదా ఆసక్తి లేకపోతే, తిండి, నిద్ర తప్పిపోతే అది మందలిస్తే పోయేది కాదు, చికిత్స ఉన్న జబ్బు. 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, రాత్రి పూట కూడా పలుకుతారు. పెద్దవారి ఇబ్బందులకు 14567, ఇంట్లో హింస ఎదుర్కొంటున్న స్త్రీలకు 181. ఈ మూడు నంబర్లూ క్యాలెండర్ మీద గడువు తేదీ పక్కనే రాసిపెట్టండి. చావు మాట ఎత్తిన మనిషిని ఒంటరిగా వదలవద్దు. పత్తికీ మిరపకూ తెచ్చిన పురుగుమందు ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. వెంటనే తీసి, తాళం ఉన్న వేరే చోట పెట్టండి.

మళ్లీ బయటికి వెళ్లేటప్పుడు

కట్టు విప్పిన రోజే బస్సెక్కి చుట్టాల ఊరికి బయలుదేరవద్దు. వాడని కాలు సన్నబడి ఉంటుంది, జనం మధ్య తల తిరిగినట్టు ఉంటుంది, కొందరికి అకారణంగా భయం వేస్తుంది. మొదటి రోజు వీధి చివరి దాకా, తోడు ఒకరిని పెట్టుకుని. తర్వాత కిరాణా కొట్టు దాకా. ఆ తర్వాత అంగడి. దారిలో ప్రతి ఒక్కరూ మొత్తం కథ అడుగుతారు, ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగండి, నిలబడి చెబితే కాలు నొప్పెడుతుంది. ఇన్నాళ్లూ మీకు చేసిన మనిషి ఒకరున్నారు కదా, మీరు లేచి మీ గ్లాసు మీరు కడుక్కోగలిగిన వారంలోనే ఆమెను నాలుగు రోజులు పుట్టింటికి పంపండి.